జగిత్యాలలో కట్టిన గస్తీ ఓడ

2018 జూన్ మొదటి వారంలో జగిత్యాల జిల్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో మోడలర్ గ్రేడ్ వన్‌గా బదిలీ మీద చేరాను. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. మోడలర్ అనే ఉద్యోగం ఒకటుందని చాలామందికి తెలియదు. ప్రదర్శనశాలల్లో కనిపించే చిన్న ఆనకట్ట, సగానికి కోసి చూపించే గుండె, బొగ్గుగని లోపలి దారులు, ఇవన్నీ ఎక్కడో కొని తెచ్చి పెడతారనుకుంటారు. కాదు, వాటిని బల్ల ముందు కూర్చుని చేసేవాళ్ళుంటారు. మా వరుసలో అన్నిటికన్నా కింద హెల్పర్, ఆ పైన గ్రేడ్ టూ, ఆ పైన గ్రేడ్ వన్. అందరి మీదా క్యూరేటర్. గ్రేడ్ వన్ తర్వాత మాకు మెట్టు లేదు. ఎక్కవలసినంతా ఎక్కేసిన మనిషికి ఉండే గర్వం అప్పట్లో నాకు దండిగా ఉండేది. జరిగినదానిలో దానికీ వాటా ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

చేరిన మూడో రోజే హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలపు చిన్న నౌకల మీద ఒక సంచార ప్రదర్శన తయారవుతోంది. లారీలో ఊరూరా తిరుగుతుంది. ఒక్కో జిల్లా ఒక్కో నౌక నమూనా చేసివ్వాలి. మాకు వచ్చింది రేవుల కాపలాకు వాడిన గస్తీ ఓడ. ముందు ఒక చిన్న ఫిరంగి, వెనక జలాంతర్గాముల మీదికి దొర్లించే మందుపీపాలు, అడుగున రెండు డీజిల్ ఇంజన్లు. డెబ్బై రెండు అడుగుల ఆ ఓడ ఒళ్ళంతా కట్టెతో కట్టిందే. మా నమూనా అందులో ఇరవై నాలుగో వంతు ఉండాలి. అంటే అసలు ఓడలో ఒక అడుగు మా బల్ల మీద అరంగుళం, మొత్తం ఓడ మూడడుగులు.

సెప్టెంబరు పదిహేనున నౌకాదళంలో చేసి రిటైరైన ఒక కమాండర్ వచ్చి తనిఖీ చేస్తారని ఉత్తర్వు మొదటి పేరాలో ఉంది. ఆయన నమూనాను ఒప్పుకోకపోతే మా మోడల్ గదిని స్టోర్ రూముగా మారుస్తారని, ఇకపై నమూనాలన్నీ బయటి కంపెనీలతో ప్లాస్టిక్‌లో అచ్చు వేయిస్తారని రెండో పేరాలో ఉంది. చాలా మర్యాదగానే రాశారు. గది పోతే అందులో పనిచేసే నాలుగు పోస్టులూ పోతాయని విడిగా రాయనక్కరలేదు.

సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవలసిన ఊళ్ళో యుద్ధనౌక ఏమిటని స్టాఫంతా నవ్వారు. నాకు మాత్రం కాలు నిలవలేదు. ముప్పై ఏళ్ళు ఆనకట్టలు, పొలాలు, గనులు చేసి చేసి విసుగెత్తిన చేతులు నావి. నక్షలు వచ్చిన రోజు అన్నం తినడానికి కూడా ఇంటికి పోలేదు.

నన్ను అంతగా పట్టేసింది ఆ ఓడ ఒళ్ళు కట్టిన తీరు. మామూలు పడవకు పలకలు పొడుగునా వేస్తారు. దీనికి అలా కాదు, ఏటవాలుగా వేస్తారు, అదీ రెండు పొరలు. లోపలి పొర పలకలు అడుగు దూలం దగ్గర మొదలై పైకి పోతూ వెనక్కి వాలుతాయి. బయటి పొర పలకలు పైకి పోతూ ముందుకు వాలుతాయి. రెండూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి. ఆ రెండు పొరల మధ్య నూనె పట్టించిన నూలు గుడ్డ ఒకటి పరుస్తారు. సన్నని కట్టెతోనే గట్టి ఒళ్ళు వస్తుంది, నీళ్ళు దిగవు. యుద్ధం రోజుల్లో ఇనుము కరువు కాబట్టి ఈ పద్ధతి అక్కరకు వచ్చింది. నేను సిరిసిల్లలో మగ్గాల మధ్య పుట్టినవాణ్ణి. నాన్న చేతిమగ్గం నేసి, ఆ తర్వాత సాంచాలకు మారాడు. మరమగ్గాన్ని మా ఊళ్ళో సాంచా అంటాం. ఓడ లోపల గుడ్డ ఉందని తెలిసిన క్షణం ఈ ఓడ నాకోసమే వచ్చిందనిపించింది.

కట్టె పనికి కోరుట్ల నుంచి వడ్ల లక్ష్మీరాజాన్ని పిలిపించాను. నాకన్నా అయిదారేళ్ళు పెద్ద. తలుపులు, దర్వాజాలు చేసిన చెయ్యి. పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు దూలం ఒకటి దాచిపెట్టుకున్నాడు. దాన్ని మిల్లుకు పట్టుకుపోయి మిల్లీమీటరు మందం, ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోయించాడు. లెక్క ప్రకారం ఇంకా పలచగా ఉండాలి కానీ రంపం అంతకన్నా ఒప్పుకోలేదు. నేను స్కేలు వివరించబోతే చేత్తో ఆపి, "నాలుగు సూతులకు అడుగన్నట్టు, గంతే గదా సారు?" అన్నాడు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నేను కాలిక్యులేటర్ జేబులో పెట్టేసుకున్నాను.

ఓడను తలకిందులుగా కడతారు. మందపాటి చదును పలక మీద పద్దెనిమిది అడ్డ చట్రాలను వరుసగా నిలబెట్టి స్క్రూలతో బిగిస్తాం. వాటిమీద అడుగు దూలం కూర్చుంటుంది. అప్పుడు పట్టీలను వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, వంచి, జిగురు పెట్టి, గుండుసూదులతో చట్రాలకు పట్టిస్తాం. చట్రాల పని లక్ష్మీరాజం పూర్తిచేశాడు. పట్టీలు అతికించే పని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది నా వంతు అన్నాను.

జూలై చివర మొదలుపెట్టి పద్దెనిమిది రోజుల్లో లోపలి పొర పూర్తిచేశాను. నక్షలో ఓడకు కుడిపక్క మాత్రమే గీసి ఉంది. రెండు పక్కలూ ఒకటే కాబట్టి ఒక పక్కే గీయడం ఓడల నక్షలు గీసేవాళ్ళ ఆనవాయితీ. కుడిపక్క పట్టీ ఏ వాలులో వస్తోందో అదే వాలులో దూలం దాటించి ఎడమపక్కకు ఎక్కించాను. గీత ఎక్కడా తెగలేదు. ఓడ అడుగున మెరిసే ఆ ఏటవాలు చారలు చూసి నాకు నేనే మురిసిపోయాను. ఫొటో తీసి హెడ్డాఫీసుకు పంపాను. నేతగాడి కొడుకు చెయ్యి అని కింద రాసేదాకా నా వేలు ఆగలేదు.

ఆగస్టు ఇరవై నాలుగున రెండో పొర పట్టీలు తీసుకుని లక్ష్మీరాజం వచ్చాడు. గుడ్డ కొలత చూసుకోవడానికి అప్పటికే నేను స్క్రూలు విప్పి ఓడను పలక మీంచి తీసి, వెల్లకిలా బల్ల మీద పెట్టాను. అతను సంచిలోంచి రెండు తిన్నని బద్దలు తీసి ఒకటి ముందు భాగాన, ఒకటి వెనక భాగాన ఓడకు అడ్డంగా పెట్టాడు. ఒక కన్ను మూసి వెనకనుంచి చూశాడు. తలుపు రెక్క మెలి తిరిగిందా లేదా అని వడ్రంగులు చూసే పద్ధతి అది. రెండు బద్దలూ ఒక గీతలో కనపడాలి.

"మెలివడ్డది సారు," అన్నాడు.

నేనూ చూశాను. ముందు బద్ద తిన్నగా ఉంటే వెనక బద్ద ఒక చివర దగ్గర దగ్గర అయిదు మిల్లీమీటర్లు లేచి ఉంది. నా పనిలో తప్పు ఉండవచ్చన్న ఆలోచనే రాలేదు. కట్టె పచ్చిదన్నాను. ఆరని కట్టె తెచ్చి అంటగట్టావన్నాను. ఇంకా ఒకటి రెండు మాటలు కూడా అన్నాను, అవి ఇక్కడ రాయను. లక్ష్మీరాజం బద్దలు సంచిలో పెట్టుకుంటూ, డెబ్బై ఏండ్ల కట్టె పచ్చిది ఎట్లయితది సారు అని మాత్రం అడిగి బస్టాండుకు వెళ్ళిపోయాడు. నేను నిర్మాణ పుస్తకం తీసి, 'మెలి. కట్టె పచ్చిది. సరఫరాదారు బాధ్యత' అని రాసి సంతకం పెట్టాను. ప్రతి నమూనాకూ ఒక నిర్మాణ పుస్తకం ఉంటుంది. అందులో రాసింది చెరపకూడదు, కాగితం చింపకూడదు.

క్యూరేటర్ మేడం నెమ్మదైన మనిషి. వచ్చి చూసి, తేదీ మారదని చెప్పారు. పైన గుడ్డ వస్తుంది, దానిమీద రెండో పొర వస్తుంది, లప్పం పెట్టి సరిచేసి రంగు వేస్తే ఎవరికీ కనపడదు కదా అని కూడా అన్నారు, కానీ నిర్ణయం మీదే అన్నారు. లప్పంతో అయిదు మిల్లీమీటర్లు కప్పవచ్చు. మెలి మాత్రం పోదు. అద్దాల పెట్టెలో ఓడ ఒక పక్కకు ఒరిగినట్టు కనపడుతూనే ఉంటుంది. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఎందుకు మెలి తిరిగిందో తెలియకుండా రెండో పొర వేయడం నాకు చేతకాదు, ఏం చెయ్యాలో కూడా తోచలేదు.

ఎల్లుండి ఆదివారం. మధ్యపొరకు పలచని గుడ్డ ఎలాగూ కావాలి. ఓడను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాను. కండక్టరు వచ్చి పసిపిల్లకు ఊయల తొట్టెనా అని అడిగాడు. అవునన్నాను. యుద్ధనౌక అంటే టికెట్టు ఎంత కొడతాడో తెలియదు.

సిరిసిల్లలో మా భాగ్యక్క ఉంటుంది. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. బావ సాంచాలు నడుపుతాడు, అక్క కుట్టుమిషను మీద రైకలు కుడుతుంది. ఆ వీధిలో క్రాస్ కటింగ్ రైక అంటే అక్క దగ్గరికే రావాలి. గుడ్డను నిలువునా కాకుండా ఏటవాలుగా కత్తిరించి కుట్టే రైక అది. ఒంటికి బాగా కుదురుతుంది.

పలచని మల్లు గుడ్డ కావాలన్నాను. బీరువాలోంచి నాలుగు రకాలు తీసి పరిచింది. కొలత చూసుకోవడానికి దుప్పటి విప్పి ఓడను మిషను మీద బోర్లించాను. అక్క గుడ్డ సంగతి మరిచిపోయింది. కళ్ళద్దాలు పైకి తోసి, ఓడ అడుగున చారల మీద వేలితో ఈ పక్కనుంచి ఆ పక్కకు గీత గీసింది. మళ్ళీ గీసింది.

"గిదేంది తమ్మీ, గీత గీ దిక్కుకెల్లి గా దిక్కుకు సక్కగ వోయింది? నువ్వు చీరె సుట్టినట్టు సుట్టినవ్. రైక కోసినట్టు కొయ్యాలె. కుడిది, ఎడమది జోడి రావాలె గదా."

నాకు వెంటనే అర్థం కాలేదు. అక్క పాత పేపరు ఒకటి తీసి మధ్యకు మడిచి, రెండు మడతలూ కలిపి ఏటవాలుగా ఒక్క కత్తెర వేసింది. విప్పి చూపించింది. రెండు ముక్కలు, ఒకటి కుడివైపు వాలు, ఒకటి ఎడమవైపు వాలు, అద్దంలో చూసుకున్నట్టు. తర్వాత మడవకుండా ఒకదాని పక్కన ఒకటిగా రెండు ముక్కలు కోసింది. రెండూ ఒకే వాలు. మొదట్లో నేర్చుకునే పిల్లలందరూ చేసే తప్పేనట ఇది.

"గిట్ల గోస్తె రెండు గూడ ఎడమ ముక్కలే అయితయ్. కుడితె రైక ఒక దిక్కుకు గుంజుతది. మెలివడతది," అంది.

మెలి అన్న మాట నేను ఆమెకు చెప్పనే లేదు.

ఆ కాగితం ముక్కలు తీసి ఓడకు రెండు పక్కలా పెట్టి చూశాను. తడి పట్టీ ఆరుతూ వెడల్పులో ముడుచుకుంటుంది. రెండు పక్కలా పట్టీలు జోడీగా, రెండూ వెనక్కే వాలి ఉంటే ఈ పక్క లాగుడును ఆ పక్క లాగుడు సరిచేస్తుంది. నేను వేసినట్టు ఒకే వాటంగా చుట్టేస్తే రెండు పక్కలూ కలిసి ఒకే వైపు తిప్పుతాయి, తడిబట్ట పిండినట్టు. నక్షలో ఒక పక్కే గీశారంటే రెండో పక్క దానికి అద్దంలో నీడలా ఉండాలని అర్థం. ఆ మాట ఏ వడ్రంగికైనా తెలుసు. నాకే, మగ్గం మీద గుడ్డ తెగకుండా ఒకే ముక్కగా రావడం చిన్నప్పటి నుంచి చూసి పట్టీలనూ అలాగే చుట్టేసిన నాకే, అది తట్టలేదు. అసలు చెప్పాలంటే ఆ క్షణంలో సిగ్గుకన్నా సంతోషం ఎక్కువైంది. కారణం దొరికింది. కారణం దొరికిన తప్పు సగం దిద్దుకున్నట్టే. అక్క కాళ్ళు మొక్కబోతే, గుడ్డ తీసుకుని పో, గిరాకొచ్చే యాళ్ళయింది అని కసిరింది.

సోమవారం పొద్దున్నే వేములవాడ, చందుర్తి మీదుగా కోరుట్ల వెళ్ళాను. జగిత్యాలకు అది చుట్టుదారి. లక్ష్మీరాజం ఇంటి ముందు ఒక దర్వాజాకు చిత్రిక పడుతున్నాడు. ఓడ కింద పెట్టి, నీ కట్టె మంచిదే అన్నా, తప్పు నాది అని చెప్పి కాగితం ముక్కలు చూపించాను. అతను వాటిని ఒకసారి కలిపి, విడదీసి చూశాడు.

"కట్టె మంచిదని నాకెర్కనే సారు. మీకు ఎర్కయ్యెదాక ఆగిన," అన్నాడు. ఆ తర్వాత లోపలికి కేక వేసి నాకు చాయ్ తెప్పించాడు.

అప్పటికి పందొమ్మిది రోజులున్నాయి. లోపలి పొర మొత్తం ఊడదీయాలి. జిగురు వేడికి మెత్తబడుతుంది కాబట్టి తడిబట్ట పరిచి ఇస్త్రీపెట్టె పెట్టి, పలచని ఉలితో ఒక్కో పట్టీ లేపాం. ఒక్క చట్రం కూడా విరగకూడదు. మూడు విరిగాయి. లక్ష్మీరాజం అదే కొలతకు మళ్ళీ చేశాడు. చట్రాలను మళ్ళీ చదును పలక మీద స్క్రూలతో బిగించాం. ఈసారి పట్టీలు ఒక్కణ్ణే వేయలేదు. నేను కుడిపక్క, అతను ఎడమపక్క, ఎదురెదురుగా నిలబడి జోడీగా వేశాం. ఒకేసారి నీళ్ళలోంచి తీయడం, ఒకేసారి వంచడం, దూలం దగ్గర రెండు కొసలూ ఆనాయా లేదా అని ఒకరినొకరు అడగడం. లక్ష్మీరాజం రోజూ కోరుట్ల నుంచి మొదటి బస్సుకు వచ్చేవాడు. నేను అప్పటికే నీళ్ళు కాచి పెట్టేవాణ్ణి. పద్దెనిమిది రోజుల్లో ఒక్కణ్ణి చేసిన పని ఇద్దరం అయిదు రోజుల్లో ముగించాం. పని అంత హుషారుగా సాగిన రోజులు నా సర్వీసులో మళ్ళీ లేవు.

పూర్తిగా ఆరేదాకా పలక మీంచి విప్పలేదు. మొదటిసారి సరిగా ఆరకముందే విప్పడం కూడా నేను చేసిన తొందరే. గుడ్డ పరిచేటప్పుడు అసలు ఓడలో నూనె పట్టిస్తారు, మేము పలచని జిగురు పట్టించాం. నూనె మీద జిగురు అంటదు. ఆ మీద రెండో పొర, ఈసారి ముందుకు వాలేటట్టు, మళ్ళీ జోడీగానే. విప్పిన రోజు లక్ష్మీరాజం రెండు బద్దలూ పెట్టి ఒక కన్ను మూశాడు. చూసి నన్ను పిలిచాడు. రెండు బద్దలూ ఒకటే గీతగా కనపడ్డాయి. క్యూరేటర్ మేడం గదిదాకా నా కేక వినపడిందట.

మిగిలిన రోజుల్లో ఓడ మీద చుక్కాని గది కట్టడం, ఇత్తడి కడ్డీలు, ఫిరంగి, బూడిద రంగు. ఆ తొందరలో కొన్ని మోటుగానే వచ్చాయి. నిర్మాణ పుస్తకంలో పాత వాక్యం మీద ఒక్క గీత కొట్టాను. నియమం ప్రకారం కొట్టివేసిన మాట చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన, 'పొరపాటు మోడలర్‌ది. ఎడమపక్క పట్టీలు తప్పు వాలులో వేశాడు. కట్టె దోషం లేదు' అని రాసి సంతకం చేశాను. 'సాంకేతిక సలహా' అనే గడిలో రెండు పేర్లు రాశాను: లక్ష్మీరాజం, వడ్రంగి, కోరుట్ల. భాగ్యలక్ష్మి, టైలర్, సిరిసిల్ల.

సెప్టెంబరు పదిహేనున కమాండర్ గారు వచ్చారు. పొట్టిగా, చురుగ్గా ఉన్న మనిషి, హిందీలో మాట్లాడారు. ముందు మట్టం పెట్టి చూశారు. పొడుగు, వెడల్పు కొలిచారు. కడ్డీలు మందంగా ఉన్నాయన్నారు, నిజమే. ఫిరంగి గొట్టం పొడుగు ఎక్కువన్నారు, అదీ నిజమే. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. తర్వాత ఇంజను గది మూత తీసి, జేబులోంచి పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం, టార్చిలైటు తీశారు.

అద్దాన్ని లోపలికి దించి కుడిపక్క చూశారు. తిప్పి ఎడమపక్క చూశారు. మళ్ళీ కుడిపక్క. లోపలి పొరకు రంగు వేయలేదు. లోపలినుంచి చూస్తే ప్రతి పట్టీ కనపడుతుందన్న సంగతి ఆ నెలంతా నాకు తట్టలేదు. రెండో పొర, లప్పం, రంగు వేసి బయటనుంచి ఏం కప్పినా లోపలి తప్పు లోపల అలాగే ఉండేది. లక్ష్మీరాజం గుమ్మం దగ్గర నిలబడి తన బద్దల సంచిని గట్టిగా పట్టుకున్నాడు.

కమాండర్ గారు నిర్మాణ పుస్తకం అడిగి తీసుకుని, కొట్టివేసిన వాక్యాన్నీ దాని పక్కన రాసినదాన్నీ చదివారు. నౌకాదళంలో చేరిన కొత్తలో ఇలాంటి ఓడలో శిక్షణ పొందానని, లోపలి పొర జోడీగా వేసిన నమూనా ఇప్పటిదాకా తాను చూడలేదని, చాలామంది లోపల ఒట్టి ప్లైవుడ్ పెట్టేస్తారని అన్నారు. కడ్డీలు, ఫిరంగి గొట్టం వారంలో మార్చాలని షరతు పెట్టి ఒప్పుకున్నట్టు సంతకం చేశారు. వెళ్ళేటప్పుడు లక్ష్మీరాజాన్ని సంచిలో ఏముందని అడిగి, ఆ బద్దలు తీసుకుని, తానూ ఒక కన్ను మూసి చూశారు.

మోడల్ గది మిగిలింది. నేను రిటైరయ్యాక నా చోటికి గ్రేడ్ టూ నుంచి ఒకామెను పైకి తెచ్చి వేశారు.

ఓడను లారీకి ఎక్కించిన కొన్నాళ్ళకు హెడ్డాఫీసు నుంచి ఒక మెమో వచ్చింది. యుద్ధనౌక నమూనా నిర్మాణంలో టైలర్ ఇచ్చిన సాంకేతిక సలహా ఏమిటో వివరించవలెను అని. నేను ఒక్క వాక్యం జవాబు రాశాను: 'కుడి, ఎడమ జోడీగా ఉండాలని చెప్పారు.' దానికి మళ్ళీ ప్రశ్న రాలేదు.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇది. తెలియని పని దగ్గర మనిషి పదిసార్లు అడుగుతాడు, కాబట్టి పెద్ద తప్పులు జరగవు. నేను తప్పు చేసింది నాకు బాగా తెలిసిన చోట, పట్టీలను గుడ్డలా చుట్టిన దగ్గర. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, నాకు చాలా బాగా వచ్చనుకున్న పని ముగించినప్పుడల్లా ఆ పని రానివాళ్ళను ఒకరిని పిలిచి చూడమనేవాణ్ణి.